ఆడో మగో తేల్చే తలుపు

బస్సుల్లో కండక్టర్లు పోయి తలుపులే మిగిలిన కాలమది. ఆడవాళ్లకు టికెట్ లేదు. ఎవరు ఆడో ఎవరు మగో తలుపే చెమటలోని హార్మోన్లు పసిగట్టి చెప్పేది. భర్త సాయిలుకు ప్రొస్టేట్ జబ్బుకు నెలనెలా వేసే ఇంజక్షన్ వేయించి, కూరగాయల సంచీతో కొమురవ్వ బస్సెక్కబోయింది.

"పురుషుడు. టికెట్ తీసుకోండి," అంది తలుపు.

వయసులోనే గర్భసంచితోపాటు ఆడ హార్మోన్లిచ్చే అండాశయాలు కూడా కోసి తీసేసిన డాక్టర్లు ఇంత దూరం వస్తుందని ఆమెకు చెప్పలేదు. వెనకాలే సాయిలు ఎక్కాడు. మగ హార్మోన్‌ను అణిచే మందు అతని ఒంట్లో ఉందాయె.

"రండమ్మా, మీకు ఉచితం."

బస్సంతా గొల్లున నవ్వింది. సాయిలు మీసం దువ్వుకుంటూ ఆడవాళ్ల సీట్లో కూర్చున్నాడు. కొమురవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నలుగురు పిల్లల్ని కన్న. నాట్లేసిన, అంట్లు తోమిన, మంచాన పడ్డ మీ అవ్వ పియ్యి ఎత్తిన. అప్పుడు నేను ఆడిదాన్నా కాదా అని ఏ తలుపన్న అడిగిందా? పైస లేకుంట కూసుంటనంటేనే అనుమానమొచ్చిందా?"

"మిషిని మాట పట్టించుకుంటవేందే," అన్నాడు సాయిలు నవ్వుతూ.

కొమురవ్వ టికెట్ కొన్నది. సంచీ తెచ్చి అతని ఒళ్లో కుదేసింది.

"ఇయ్యాల్టి సంది నేను మొగోన్ని. ఇంటికి పోంగనే పొయ్యి నువ్వే ముట్టియ్యి. అన్నమైనంక నన్ను పిలువు."