ఈరమ్మ పాఠం

"గుర్వమ్మా, ఈ పిల్ల పేరు కొట్టేస్తున్న. రేపటి సంది తోలుకరాకు," అన్నాడు నర్సింగరావు సారు, బెత్తం ఇంకా చేతిలోనే ఉంది.

ఒకటో తరగతి పిల్లలను ఇళ్ల నుంచి తీసుకొచ్చి, ముక్కులు తుడిచి, పక్కన కూర్చుని పలక పట్టించే ఆయమ్మ గుర్వమ్మ. ఆమె ఈరమ్మను దగ్గరికి లాక్కుంది. గొర్రెలు కాసే జానయ్య బిడ్డ. అరచేయి ఎర్రగా వాచిపోయింది.

"ఏం తప్పు చేసింది సారూ?"

"మూడు నెలలాయె. ఏమడిగినా పలకదు. ఉత్త మొద్దు."

"మొద్దు కాదు. దానికి చెవులు సరిగ్గ ఇనపడయి. ఎనక నుంచి పిలిస్తే పలకదు. ముందటికొచ్చి పిలిస్తే నా పెదవులు చూసి పలుకుతది."

"చదువు రానిదానివి, నాకు చెప్తవా?"

గుర్వమ్మకు ఒళ్లు మండింది.

"నాకు రాదు. మీకొచ్చు గదా! పొద్దుందాక బోర్డు దిక్కు మొఖం పెట్టి చెప్తరు. మీ ఈపు చూసి అదేం నేర్చుకుంటది? అది సాలదన్నట్టు గొడ్డును బాదినట్టు బాదుతరు!"

సారు విసురుగా వచ్చి ఈరమ్మ ఎదుట నిలబడ్డాడు.

"ఏదీ, మేక అను."

"మేక," అంది ఈరమ్మ, ఆయన నోటినే చూస్తూ.

"ఉడుత."

"ఉడుత."

సారు బెత్తం కింద పెట్టాడు. గుర్వమ్మ కోపం మాత్రం చల్లారలేదు.

"ఇన్నాళ్లు తిన్న దెబ్బలకు ఏం చెప్తరు దానికి?"

సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల ముఖంలోకి చూస్తూ, నెమ్మదిగా, "తప్పయింది," అన్నాడు.

అదీ పాఠమే అనుకుని ఈరమ్మ గట్టిగా పలికింది.

"తప్పయింది."