తుస్సుమన్న తూటా

ఢామ్మనాల్సిన రైఫిల్ తుస్సుమంది. షూటింగ్ క్లబ్బులో పక్కవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

విష్ణువర్ధన్ నవ్వేశాడు. దీపావళికి తుస్సుమన్న టపాకాయను పక్కన పడేసి ఇంకోటి ముట్టించినంత తేలిగ్గా, ఖాళీ తొడుగు తీసేసి మరో తూటా ఎక్కించబోయాడు.

పక్కనే ఉన్న భార్య కిరణ్మయి అతని చెయ్యి పట్టుకుంది. “ఆగండి. ముందు బ్యారెల్ చూడండి.”

ఇటునుంచి చూస్తే అటువైపు వెలుతురు కనపడలేదు. తూటాలో మందు లేదు, అడుగున నిప్పు రాజేసే బిళ్ల ఊపుకే గుండు కదిలి గొట్టంలో ఇరుక్కుపోయింది. దాని వెనకాల ఇంకోటి పేల్చి ఉంటే రైఫిల్ మొహం మీదే పగిలేది.

విష్ణువర్ధన్ బెంచీ మీద కూలబడ్డాడు. “టూ ఇయర్స్‌గా గరాజ్‌లో తూటాలకి నా చేత్తో మందు నింపుతున్నా. ఒక్కటీ ఫెయిల్ అవలేదు. పైగా ఈసారి కౌంట్ కూడా కరెక్ట్. ఎప్పుడూ యాభైకి ఒకటో రెండో తగ్గేవి.”

ఫార్మసిస్ట్ కిరణ్మయి ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కు మూత తిప్పి, అతనికి టీ పోసింది.

“ప్రతి ఫ్రైడే మీరు వాకింగ్‌కి వెళ్లాక, బంగారం తూచే కాటా మీద ఒక్కోటీ తూచేదాన్ని. తేలిగ్గా ఉన్నవి తీసేసేదాన్ని. ఈ ఫ్రైడే నాకు షిఫ్ట్ పడింది.”