మోచేతికి బెత్తెడు కింద

ఇప్పుడు వంటగట్లూ బీరువాలూ ఎవరూ చేతితో చెయ్యరు. తెరమీద నమూనా ఎంచుకుని కొలతలు మారిస్తే చాలు, పేట చివరి మెషీన్ కోసి పంపుతుంది. కానీ వంటగట్టు మాత్రం ఎనభై అయిదు సెంటీమీటర్ల కంటే కిందికి దిగదు. సగటు ఆడమనిషికి అది సరిపోతుందట. ఆ సగటు మనిషి ఏ ఇంట్లో పుట్టిందో గానీ నాకైతే ఇంతవరకూ కనబడలేదు.

మా ఎదురింటి కొమురవ్వ నాలుగడుగులుంటుంది. పీటెక్కి వండుతుంది. మొన్న పీట జారి, మరిగే పప్పుచారు చేతిమీద ఒలికింది. ఆ మెషీన్ కంపెనీకి ఫోన్ చేస్తే, "ఇంకాస్త పెద్ద పీట పంపమంటారా?" అన్నారు.

మెషీన్‌కు నమూనాలు రాయడం నాకెవరూ నేర్పలేదు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. వడ్రంగి మా నాయన టేపు ముట్టేవాడు కాదు. ఇల్లాలిని నిలబెట్టి, ఆమె మోచేతికి బెత్తెడు కింద గోడమీద గీత గీసేవాడు. నేను అదే రాశాను. నా నమూనాలో సెంటీమీటర్ల గడి లేదు, కింది హద్దు లేదు. వండే మనిషి కెమెరా ముందు మోచెయ్యి మడిచి నిలబడాలి, అంతే.

"పీట దిగి సక్కగ నిలవడు అవ్వా."

"దిగితే నీ మెషీన్‌కు నేనేడ కనవడ్త బిడ్డా?"

"నువ్వు కనవడాల్ననే గద గిదంత!"

గట్టు వచ్చింది. దాంతోపాటే, ప్రమాణాలకు విరుద్ధమైన నమూనాను వెంటనే తీసెయ్యమని కంపెనీ నోటీసూ వచ్చింది. అప్పటికే పేటలో నలభై ఇళ్లవాళ్లు ఆ నమూనాను తమ తెరలమీదికి దించుకున్నారు.

కొమురవ్వ రెండు పాదాలూ నేలకానించి పప్పు కలిపింది.

"మరి గీ పీటనేం జెయ్యాలె?"

"కూసొని తిను."