బస్సు పక్కన అంగారకుడు

అక్క అడిగిన ప్రశ్నకు చెల్లి జవాబు చెప్పింది. బస్సు రొదలో అది పక్కనే ఉన్న అక్కకే వినపడలేదు.

ఇంట్లో ఆ పిల్లను 'గుసగుస' అని పిలిచేది ఊరికే కాదు.

నక్షత్రాలూ గ్రహాలూ అన్నీ నోటికి వచ్చు. నలుగురి ముందు నిలబడితే మాత్రం గొంతు కడుపులోకి జారిపోతుంది. క్విజ్ సెమీఫైనల్లో సరైన జవాబులే జడ్జీల చెవిదాకా పోక గాలిలో కలిశాయి. మిగతా పిల్లల పుణ్యమా అని గట్టెక్కారు. రేపు ఫైనల్. రేపూ ఇదే తంతయితే ఇక జట్టులో చోటుండదని టీచరు చెప్పేసింది.

"శుక్రుడి మీద రోజు పెద్దదా, ఏడాది పెద్దదా?" అక్క ఇంకో ప్రశ్న అడిగింది.

"ఏడాదే. ఎక్కడైనా అంతేగా" అన్నాడు ముందు సీటు పెద్దాయన, వెనక్కి తిరిగి.

కాదండీ, అక్కడ రోజే పెద్దది అని గొణిగింది చెల్లి. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నావమ్మా అన్నాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

బాగా వేడి నక్షత్రాలు ఏ రంగువి అని అక్క అడిగితే, ఎర్రవేనని మళ్ళీ ఆయనే అందుకున్నాడు. నీలంవి అంది చెల్లి. గ్యాసు పొయ్యి మంట ఎప్పుడూ చూడలేదా తాతగారూ అని కూడా అడిగింది.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. రేపు ఏటవతలి స్కూలుతో పోటీ ఉందనీ, తెలియని విషయాల్లో తలదూర్చి పిల్లను తికమక పెట్టొద్దనీ కాస్త గట్టిగానే చెప్పింది.

"ఏటవతలి స్కూలుతోనా" అన్నాడాయన.

కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"అంగారకుడు అప్పుడప్పుడు వెనక్కి నడుస్తాడటగా. ఆయనకీ ఇంట్లో ఏదో మరిచిపోయే అలవాటుందన్నమాట."

చెల్లి లేచి నిలబడింది.

"నడవడు తాతగారూ, అలా కనిపిస్తాడంతే. అదిగో, ఆ లారీని మన బస్సు దాటుతోందా? దూరంగా ఆ కొండను గుర్తు పెట్టుకుని చూడండి, లారీ వెనక్కి జారుతున్నట్టు లేదూ? మన బస్సు భూమి. ఆ లారీ అంగారకుడు."

"వినపడలా" అన్నాడాయన.

ఈసారి బస్సంతా వినపడింది. కండక్టరు కూడా వంగి లారీకేసి చూశాడు. అంగారకుడు హారన్ కొడుతున్నాడని వెనక సీట్లోంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. చెల్లి కూడా నవ్వింది, నిలబడే.

పెద్దాయన చేతులెత్తేసి తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఇంతసేపూ వదల్లేదు, మొండిఘటం ముసలాయన, అనుకుంది అక్క.

మర్నాడు ఫైనల్లో చెల్లి గొంతు హాలు చివరి వరుసలో ఉన్న అక్కదాకా వచ్చింది. చివరి ప్రశ్నకైతే మైకు అందుకునేదాకా కూడా ఆగకుండా జవాబు చెప్పేసింది ఆ పిల్ల.

కప్పు చేతికిచ్చేసరికి అక్క కుర్చీ ఎక్కేసింది. అక్కణ్ణుంచి కనిపించాడు పెద్దాయన, హాలు అటు మూలన, చెల్లికేసి చూస్తూ చప్పట్లు కొడుతూ.

నిన్న విసుక్కున్నందుకు ఏదో ఒకటి చెప్పాలని అక్క జనాన్ని తోసుకుంటూ అటు నడిచింది.

ఆమె చేరేసరికి ఏటవతలి స్కూలు పిల్లలు ఆయన చుట్టూ తలలు వంచుకు నిలబడి, "మీరు ఇన్ని నెలలు నేర్పించినా గెలవలేకపోయాం మాస్టారూ" అంటున్నారు.