ఒక్కటిగా మిగిలిన రామకోటి

హైమవతి వంటింటి గోడంతా కంప్యూటర్ తెర, అదే ఆమెకు పలక. వేలితో ఏం రాసినా అచ్చక్షరాలుగా మారి, దానంతట అదే భద్రమైపోతుంది. అందుకే అన్నం ఉడికేలోగా ఇంత, పాలు కాగేలోగా ఇంత అంటూ ఏళ్ల తరబడి ఆ గోడ మీదే రామకోటి రాసింది.

కోటి పూర్తయిన రోజు, భద్రాచలంలో సమర్పించాలి, అచ్చు ప్రతి తీసిమ్మని కోడలు ప్రణతిని అడిగింది. ప్రణతి గోడకు చెప్పింది. గోడ మీద ఒకే ఒక్క "శ్రీరామ" వచ్చి నిలిచింది.

"మిగతావి ఏవే?"

"అన్నీ ఒకటే కదత్తయ్యా! ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటే దాచి, పక్కన అంకె వేసుకుంటుంది. చోటు కలిసొస్తుందని నేనే అలా పెట్టాను."

"ఒకటేనా? నువ్వు పురిటి గదిలో ఉన్నప్పుడు రాసినవీ, మీ మామయ్యతో మాటల్లేనప్పుడు రాసినవీ ఒకటేనా?"

ప్రణతి ముఖం చిన్నబోయింది. "ఉండండి, కోటీ మళ్లీ వేయిస్తాను."

ఆ మాట అన్నదే తడవు గోడంతా నామాలు నిండిపోయాయి. రాముడి పేరే, తప్పు పట్టడానికి లేదు. కానీ వీటిని రాసింది తనా, గోడా? హైమవతికి తేలలేదు. వెళ్లి గంజి వార్చి వచ్చింది.

"ఇది గోడ రాసుకున్న కోటి. దాని పుణ్యం దానికి. ఆ దాచిపెట్టేదేదో ఆపెయ్యవే."

"ఆపితే రాసింది రాసినట్టే పోతుందత్తయ్యా!"

"ఆ రాముడు చూశాకే పోతుందిలే."

తడి వేలు కొంగుకు తుడుచుకుని నామం రాసింది. అది కాసేపు వెలిగి ఆరిపోయింది. హైమవతి రెండోది మొదలుపెట్టింది.