గాలి తెచ్చిన ఇసుక

ఐలి కుడికాలి చెప్పు ఇప్పటికీ ఆ సరస్సు బురదలోనే ఉంది.

కాలు మాత్రం దక్కింది. పోయిన వేసవిలో ఈ ఇల్లు కొన్న కొత్తలో, సౌనా గదిలో ఆవిరిస్నానానికి ఒళ్లంతా ఎర్రబడ్డాక, అందరిలాగే సరస్సులో మునుగుదామని దిగింది. రెండడుగులు వేసిందో లేదో, తొడల దాకా కూరుకుపోయింది. కేకలు విని, ముక్కులా పొడుచుకొచ్చిన గట్టు అవతల ఉండే ఓస్మో పడవేసుకొచ్చాడు. చెక్క పలక వేసి, చంకల కింద చేతులేసి లాగాడు. లాగుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

"సరస్సు పక్కనుండీ బక్కెట్టు నీళ్లు కుమ్మరించుకునే భాగ్యానికి నేను పట్నంలోనే ఉండొచ్చుగా," అంది ఐలి పళ్లు నూరుతూ.

ఆమె తుంటి నొప్పికి ఈత ఒక్కటే మందని డాక్టరు చెప్పాడు. అందుకని ఉన్న ఫ్లాటు అమ్మి మరీ కొన్న ఇల్లిది. కప్పు బాగు చేయించేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు. వచ్చే వేసవిలోనూ నీళ్లలోకి దిగలేకపోతే అమ్ముకుని పోవడమే. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది.

"మా ఒడ్డూ ఇదే బాపతు. బురదే," అన్నాడు ఓస్మో. "ఈ చలికాలం ఇసుక పోస్తున్నా. సరస్సు గడ్డకట్టాక పైన పరిచేస్తే, వసంతంలో గడ్డ కరిగి ఇసుక దానంతటదే అడుక్కి దిగుతుంది. బురద నోరు మూతపడుతుంది."

"అదృష్టవంతుడివి," అంది ఐలి.

అంతకుమించి అడిగే మనిషి కాదామె. ఒకరి సొమ్ము ఊరికే తింటే ఒంటికి పట్టదని ఆమె నమ్మకం. ఓస్మో రెండు చేపలు తెచ్చిస్తే, సాయంత్రంలోగా ఏలకుల బన్నులు అతని చేతిలో పడాల్సిందే. ఇంటికి తెచ్చిస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "ఇల్లు పందుల దొడ్డిలా ఉంది, నేనే వస్తాలే," అనేవాడు. వచ్చి, కప్పు మీద కప్పు కాఫీ తాగి, ఆమె కట్టెలు పేర్చిన తీరుకు వంకలు పెట్టి పోయేవాడు. ఐలికి ఒళ్లు మండేది. అతను రాని రోజున ఇంకా మండేది.

చలికాలం వచ్చింది. ఓస్మో మంచు మీద నడిచే మోటారు బండికి తొట్టి కట్టి, ఆమె కిటికీ ముందు నుంచే గట్టు ముక్కు దాకా ఇసుక లాగడం మొదలుపెట్టాడు. ఐలి కర్టెను పక్కకు లాగి చూసేది. మనిషి ఆ చలిలో చస్తున్నాడే అని జాలిపడాల్సింది పోయి, కళ్లలో నిప్పులు పోసుకునేది.

ఊళ్లో కొట్టు నడిపే సిర్ప మాత్రం నవ్వేది. "పుట్టి బుద్ధెరిగి ఈ సరస్సు పక్కనే ఉన్నాడు. వసంతం గాలికి ఆ ముక్కు దగ్గర గడ్డ నిలుస్తుందా అసలు? మనిషికి జుట్టు కన్నా ముందు మతి పోయినట్టుంది."

ఐలి ఆ మాట ఉన్నదున్నట్టు మోసుకొచ్చి ఓస్మోకి అప్పజెప్పింది.

"నా ఇసుక, నా ఇష్టం," అన్నాడు ఓస్మో. బన్ను ఇంకోటి తీసుకున్నాడు.

మే నెలలో గడ్డ పగిలింది. పడమటి గాలి లేచింది. ఐలి పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ చూస్తే, గట్టు ముక్కు దగ్గర్నుంచి పెద్ద మంచు పలక, ఇసుకంతా నెత్తిన పెట్టుకుని, తాపీగా ఆమె ఒడ్డుకే వస్తోంది. వచ్చి ఒడ్డును ఒరుసుకుని ఆగింది. ఎండకు కరిగిపోయింది.

నీళ్లు కాస్త వేడెక్కాక ఐలి భయపడుతూ కాలు పెట్టింది. కాలు దిగలేదు. ఇంకో అడుగు వేసింది. కాలివేళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. అంతే, ఆ చల్లటి నీళ్లలో చిన్నపిల్లలా ఈదేసింది. సంతోషం పట్టలేక ఏడ్చింది కూడా.

ఒళ్లు తుడుచుకుంటుండగా గుర్తొచ్చింది. ఇదంతా ఓస్మో సొత్తు.

ఓస్మో వచ్చాడు. ఒడ్డు చూశాడు. టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "పోతే పోయింది. నువ్వే ఉంచుకో," అన్నాడు.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమన్నట్టుంది ఈయన దానం అనుకుంది ఐలి. అలా అనుకున్నా మనసు ఊరుకోలేదు.

"కుదరదు. మొత్తం తిరిగిచ్చేస్తా."

"ఎలా? ఏప్రన్లో మూటగట్టా?"

"బక్కెట్టుతో. రోజుకొకటి."

"నీ తుంటి ఏం కావాలి?"

"నా తుంటి గొడవ నీకెందుకు?"

ఐలి ఇచ్చిన కాఫీ కప్పు ఓస్మో కింద పెట్టేశాడు. "మా ఇంటికి మాత్రం రాకు. కుక్క కరుస్తుంది."

"నీకు కుక్కెక్కడిది?"

టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. "తెచ్చుకుంటా," అన్నాడు.

మర్నాడు ఐలి ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఇసుక బక్కెట్టు పట్టుకుని, పైన్ చెట్ల మధ్య కాలిబాటన మొదటిసారి గట్టు అవతలికి బయలుదేరింది. అతను వద్దంటే ఏం చెప్పాలో, ఎలా దెబ్బలాడాలో దారి పొడవునా వల్లె వేసుకుంది.

చెట్లు దాటి ఓస్మో పెరట్లోకి వచ్చి చూస్తే, ఇసుక కుమ్మరించడానికి అక్కడ బురదా లేదు, ఒడ్డూ లేదు: అతని గుమ్మం మెట్ల దగ్గర్నుంచి నున్నటి నల్లబండ ఒకటే, పిడికెడు ఇసుకైనా నిలవకుండా, గోడలా నిటారుగా, అడుగు కనిపించని నీళ్లలోకి దిగిపోయి ఉంది.