ముగ్గురూ కలిసి అల్లిన అబద్ధం

"నలభై మంది! నలభై మందిలో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి బుర్ర పనిచెయ్యలేదా?"

కాయితాల కట్ట బల్ల మీద ధబీమని పడింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఉలిక్కిపడింది. లైబ్రేరియనమ్మకి పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు 'ష్ మేడమ్'. పదిహేడేళ్లుగా ఆ గదిలో ఆమె నోట అంతకంటే పెద్ద చప్పుడు వచ్చింది లేదు. అలాంటిది ఆ రోజు ఆమె గొంతుకి కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

మండదా మరి? ఈ పాఠం కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. ఫోన్లో ఏది కనబడితే అది నమ్మేసి పరీక్షల్లో కూడా అదే రాసేస్తున్నారని, పక్కనున్న రెండు కాలేజీల లైబ్రేరియన్లని బతిమాలి కలుపుకుంది. ముగ్గురూ కలిసి పాఠం తయారుచేశారు. ఏ సంగతి చదివినా మూడు ప్రశ్నలు వెయ్యాలి. ఎవరన్నారు? వాళ్లకెలా తెలుసు? రాతలో ఎక్కడుంది?

పాఠం అయ్యాక పరీక్ష. దానికోసం ముగ్గురూ కూర్చుని ఒక అబద్ధం అల్లారు. గుండె ఝల్లుమనేదైతేనే పిల్లలు కదిలి వెళ్లి కనుక్కుంటారని, 'వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన కాలేజీ లైబ్రరీ మూసేస్తున్నారు' అని రాశారు. మూడు కాలేజీల్లోనూ అదే కాయితం పంచారు. నిజమో అబద్ధమో మూడు రోజుల్లో తేల్చి రాయాలి.

పొద్దున్నే ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రేరియన్ ఫోను చేసింది.

"అక్కా, మావాళ్లు నలుగురు తప్ప అందరూ అబద్ధమనే రాశారు. నర్సింగ్ కాలేజీలో ఇద్దరే బోల్తాపడ్డారట. మీవాళ్లో?"

"ఇంకా చూస్తున్నా."

"ఆ గొంతేంటి? కొంపదీసి..."

"నలభైకి నలభై నిజమని రాశారే!"

అవతల పకపకా నవ్వు. "పాఠం కనిపెట్టింది నువ్వు, మునిగింది నీ పిల్లలా? నవ్వుతున్నా గానీ అక్కా, రేపు పదింటికి ముగ్గురు ప్రిన్సిపాళ్ల ముందు కూర్చోవాలి. ఫలితం బాగుంటేనే ఏటా అన్ని క్లాసులకీ ఈ పాఠం పెడతామన్నారు. లేకపోతే అటకెక్కించేస్తారు."

ఆ మాటే ఇప్పుడు ఆమె చెవుల్లో జోరీగలా రొద పెడుతోంది.

"నలభై మందికీ ఒకే నోరు దొరికిందా?" ఒక కాయితం తీసి గాల్లో ఊపింది. "ఎవరన్నారు అంటే ఆఫీసు గుమాస్తా గారు. అది చూశాక కింది రెండు జవాబులూ చదవాలా? ఇందులోనూ ఆయనే. ఇందులోనూ ఆయనే! ఒకడు రాస్తే ముప్పై తొమ్మిది మంది దించేశారు. అవునా?"

"లేదు మేడమ్," అంది ముందు వరస అమ్మాయి. "అందరం వెళ్లాం. విడివిడిగానే వెళ్లాం."

"వెళ్లి?"

"ఆయన ఒట్టి మాట చెప్పలేదు మేడమ్..."

"ఆయనా? కిందటేడు కొత్త పిల్లల్ని లిఫ్టెక్కి రమ్మని డాబా మీదకి పంపిన మనిషి! ఈ బిల్డింగులో లిఫ్టుందా? ఆయన నవ్వకుండా కోసే కోతలు మీకు సాక్ష్యమా?"

అమ్మాయి కళ్లు నిండాయి. వెనక బెంచీల అల్లరి మూక కూడా నవ్వలేదు. తలలు దించుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు ఏడవండి. ఏడిస్తే మార్కులొస్తాయా?"

ఎర్ర పెన్ను తీసింది. నిలబడే ఒక్కో కాయితం మీదా సున్నా చుట్టింది. చివరి సున్నా దగ్గర కాయితం చిరిగింది. కట్ట చంకన పెట్టుకుని ఆఫీసు వైపు విసవిసా నడిచింది.

వారం రోజులుగా గుమాస్తా ఆమెని చూసి తప్పుకు తిరుగుతున్నాడు. మెట్ల మీద ఎదురైతే చెప్పు తెగినట్టు వంగిపోయేవాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. చేసిన ఘనకార్యం అలాంటిది!

"ఏమండీ, వేళాకోళానికి నా పాఠమే దొరికిందా?"

గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు. రెండేళ్ల కష్టం బూడిదలో పోశారు. రేపు నేను ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? పిల్లలొచ్చి అడిగితే నాకు తెలీదనొచ్చుగా?"

"అలాగే అన్నానమ్మా. వదిలితేగా! ఎవరన్నారు, నీకెలా తెలుసు, రాతలో చూపించు అని పోలీసుల్లా చుట్టుముట్టారు. ఒకళ్లు వెళ్తే ఇంకొకళ్లు. మూడు రోజులు అన్నం తిననివ్వలేదు."

"అయితే?"

గుమాస్తా తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ప్రిన్సిపాల్ గారు నేనే చెప్తానన్నారమ్మా. ఇవాళ, రేపు అంటూ నానుస్తున్నారు. మీకు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది."

"ఏం చెప్పాలి? మాటలు దాటెయ్యకండి!"

ఆయన బీరువాలోంచి ఫైలు తీసి, మధ్యలో ఒక కాయితం దగ్గర తెరిచి ఆమె ముందు పెట్టాడు.

లైబ్రేరియనమ్మ ఆ కోపంతోనే కళ్లజోడు సర్దుకుని వంగింది. కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంది. పైన తేదీ, ముగ్గురూ కూర్చుని అబద్ధం అల్లిన రోజుకి తొమ్మిది రోజులు ముందుది. మధ్యలో ఉన్న నాలుగు వరసలూ ఒకసారి చదివింది. వేలు పెట్టి మళ్లీ చదివింది. చంకలో కట్ట జారి కాయితాలు నేలంతా పరుచుకున్నాయి.

నలభై మందీ సరైన జవాబే రాశారు.